నన్నడక్కు, నేను లేను

ఆ ఊళ్ళో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. ముఖం తెలిసినవాళ్ళే తక్కువ.

బస్ స్టేషన్ మేడమీద, ప్లాట్‌ఫాంల వైపు తిరిగి ఒక గాజు గది ఉండేది. అందులో ఒక బల్ల, మైకు, వచ్చీపోయే బస్సుల్ని చూపించే తెర, చెయ్యి ఊడిపోయిన కుర్చీ. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎందుకు ఆలస్యమైందో, తప్పిపోయిన పిల్ల ఏ రంగు గౌనులో ఉందో ఊరికి చెప్పడం ఆమె పని. వయసులో ఉండగా చేరింది, నలభై దాటినా అదే కుర్చీ. డ్రైవర్లూ, ఊడ్చేవాళ్ళూ, కింద టీ అమ్మే ముసలాయనా అందరూ ఆమెను మైకక్క అనేవాళ్ళు.

మైకక్క అన్నావదినల ఇంట్లో ఉండేది. పెళ్ళి మాటలు ఒకటి రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఇంట్లో పెద్దగా మాట్లాడేది కాదు. "ఉన్న మాటలన్నీ ఊరికి పంచిపెట్టి వస్తుంది, ఇక మనకేం మిగులుతాయి" అని వదిన నవ్వేది.

నిజానికి ఆమె దగ్గర చాలా గొంతులు ఉండేవి. ఎవరు మాట్లాడగా విన్నా ఆ గొంతు ఆమె నాలుక మీద కూర్చునేది. మైకు ఆపేసి ఉన్నప్పుడు, ఆ గాజు గదిలో ఒక్కతే, స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌లా దగ్గేది, కండక్టర్లలా కసురుకునేది, తనలో తనే నవ్వుకునేది. ఆ విద్య ఇంట్లో చూపించడం చిన్నప్పుడే మానేసింది. పోయిన తాతయ్య గొంతుతో నాయనమ్మను పిలిచినందుకు వాళ్ళమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. "ఎవరి గొంతు వాళ్ళకుండనీ" అంది. ఎందుకు కొట్టిందో ఆమెకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆమెను ఆ గాజు గదిలోంచి బయటికి లాగింది అన్న కూతురు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేసేది. జపాన్ బొమ్మల కథలంటే ప్రాణం. చివరి పేజీ నుంచి మొదలయ్యే మాంగా పుస్తకాలు చదవడానికే ఎవరూ నేర్పకుండా ఆ భాష నేర్చుకుంది, యానిమేలు చూస్తూ పలకడం నేర్చుకుంది. "అందరూ ముందు నుంచి చదివితే ఇదేంటి వెనక నుంచి చదువుతుంది" అని వాళ్ళ నాన్న ఆశ్చర్యపోయేవాడు. చూపు పోయిన ఒక స్నేహితురాలి కోసం ఆ పిల్ల ఆ కథల్ని మన మాటల్లోకి మార్చి పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది. మెల్లగా ఇంకొందరు తోడయ్యారు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర పంచుకుని చదవడం, దాన్ని రికార్డు చేసి నెట్‌లో ఊరికే పెట్టడం, ఇదీ వాళ్ళ ఆదివారం జట్టు. సైకిల్ షాపు మేడమీద ఒక గది వాళ్ళ అడ్డా. రేడియోలూ స్పీకర్లూ బాగుచేసే ఒక పెద్దాయన రికార్డింగ్ చూసేవాడు. ఆయన్ని అందరూ రేడియో బాబాయ్ అనేవాళ్ళు.

"అత్తా, ఒక ముసలావిడ వేషం ఉంది. పడవల ఇంజన్లు బాగుచేస్తుంది, నోరు తెరిస్తే తిట్లే. మా అందరివీ పాలుగారే గొంతులు. నువ్వొక్కసారి రా" అని మేనకోడలు బతిమాలింది.

"నాకు బస్సులే సరిగా రావు, ఇక పడవలా" అంటూనే వెళ్ళింది మైకక్క.

కథ చాలా సరదాగా ఉంటుంది. రేవు పక్కన ముసలి మెకానిక్ షెడ్డు. ఆ షెడ్డులో ఎప్పుడో చచ్చిపోయిన ఒక కుర్రాడి దెయ్యం. దానికి ఎవర్నీ భయపెట్టడం చేతకాదు, పనిముట్లు దాచడం తప్ప. ముసలావిడ స్పానర్ కోసం షెడ్డంతా తిరగేసి "ఏరా, ఎక్కడ పెట్టావ్?" అని అరిస్తే, మూలనుంచి ఒకటే జవాబు: "నన్నడక్కు, నేను లేను!"

ఆ దెయ్యం గొంతు ఒక కళ్ళజోళ్ళ షాపు కుర్రవాడిది. షాపులో అద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీసి బిగించడం అతని పని. ముక్కు కాస్త దిబ్బడేసినట్టుండే గొంతు, మాట చివర మింగేసిన నవ్వు. జట్టులో అందరూ అతన్ని దెయ్యంగాడు అనేవాళ్ళు. "ఏరా దెయ్యం, ఇంకా రాలేదే?" "దెయ్యానికి టీలో చక్కెర ఎక్కువ వెయ్యండి." ఇలా ఉండేది వాళ్ళ సందడి.

మైకక్క గుమ్మంలో అడుగుపెట్టగానే అతను లేచి నిలబడ్డాడు. "అక్కా, మీరు చెప్తేనే నేను రోజూ బస్సెక్కుతా. మనిషిని చూడ్డం ఇవాళే. మీరిలా ఉంటారనుకోలేదు."

"ఎలా ఉంటాననుకున్నావ్?"

"ఇంత పొడుగ్గా, కోపంగా. బస్సు లేటైతే తప్పు నాదే అన్నట్టు."

ఆమె నవ్వింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఆ నవ్వుకు తిరిగి చూశారు. మేనకోడలు కూడా అత్త అలా నవ్వగా వినలేదు.

గోడలకు పాత పరుపులు ఆనించి, మధ్యలో ఒకే మైకు పెట్టేవారు. దెయ్యమూ ముసలావిడా ఎదురెదురుగా, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడి చదవాలి. మాట ఎక్కడ ఆపితే ఎదుటివాళ్ళు ఎక్కడ అందుకుంటారో ఇద్దరికీ చూపుల్లోనే తెలిసిపోయేది. విన్నవాళ్ళ నుంచి కబుర్లు వచ్చేవి. పసిబిడ్డను నిద్రపుచ్చుతూ వింటున్నానని ఒక తల్లి, గిడ్డంగిలో ఒక్కడే కాపలా కాసేటప్పుడు తోడుగా ఉంటున్నారని ఒక కాపలాదారు, నవ్వితే కుట్లు లాగుతున్నాయి కాస్త తగ్గించండని ఆసుపత్రి మంచంమీద నుంచి ఒకాయన. కొందరు బొమ్మలు వేసి పంపేవాళ్ళు. వాళ్ళెవరూ మైకక్కను చూడలేదు కాబట్టి ఒక్కో బొమ్మలో ముసలావిడ ఒక్కోలా ఉండేది. ఆ బొమ్మలన్నీ ఆమె గాజు గదిలో తెర పక్కన అంటించుకుంది. ఇన్నేళ్ళూ ఆమె మాట విన్నవాళ్ళు విని పరిగెత్తి వెళ్ళిపోయినవాళ్ళే. విని ఆగిపోయినవాళ్ళు వీళ్ళే మొదలు.

దెయ్యంగాడు ఇంకో పని చేసేవాడు. కొత్త ఫ్రేముల్లో ముందుగా బిగించి ఉండే ఉత్తుత్తి అద్దాలు షాపులో పారేస్తారు. వాటిని ఏరి తెచ్చి, ఒక్కోదాని మీద నాలుక బయటపెట్టిన బుల్లి దెయ్యాన్ని గీసి, వెనక పిన్ను అతికించేవాడు. ఏటా అభిమానులంతా ఇష్టమైన పాత్రల వేషాలు వేసుకుని ఒక హాల్లో కలిసేవాళ్ళు. అక్కడ అడిగిన ప్రతి పిల్లకూ ఒక బిళ్ళ తగిలించి, చెవిలో "నన్నడక్కు, నేను లేను" అనేవాడు. పిల్లలు కిలకిల్లాడుతూ పారిపోయి మళ్ళీ వరసలో నిలబడేవాళ్ళు.

వానాకాలంలో ఒక ఆదివారం అతను రాలేదు. జ్వరమని కబురొచ్చింది. తర్వాత ఆసుపత్రిలో చేర్చారన్నారు, జ్వరం తలకెక్కిందన్నారు. వచ్చే ఆదివారం చూడ్డానికి వెళ్దామని జట్టంతా అనుకుంటూ ఉండగానే పోయాడు.

అతని ఇల్లు ఒక పొడవాటి వరండాలో చివరి వాటా. లోపల తల్లి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. "మీరెవరమ్మా?" అని అడిగింది. "మేము దెయ్యం..." అనబోయి మేనకోడలు నాలుక కరుచుకుంది. రేడియో బాబాయ్ గబుక్కున అందుకుని, "మేం మీవాడి ఆదివారం స్నేహితులమమ్మా" అన్నాడు. అప్పటిదాకా ముద్దుగా పిలుచుకున్న పేరు ఆ గుమ్మంలో ఎంత భయంకరంగా ఉందో అందరికీ ఒక్కసారే తెలిసింది. ఆ తర్వాత ఆ పేరు జట్టులో ఎవరి నోటా రాలేదు.

ఆదివారాలు ఆగిపోయాయి. కానీ కథలో చివరి భాగం మిగిలిపోయింది. విన్నవాళ్ళు అతని కోసం బొమ్మలు వేశారు, ఏడ్చారు, కొన్నాళ్ళకు మెల్లగా అడగడం మొదలుపెట్టారు. మధ్యలో వదిలేస్తే అతను ఎక్కడో తలుపు దగ్గర నిలబడిపోయినట్టుంది, పూర్తి చెయ్యరా అని. జట్టు మళ్ళీ ఆ గదిలో కూడింది. దెయ్యం మాటలు ఎవరు చదవాలి? రేడియో బాబాయ్ ప్రయత్నించి, తనే చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి, "స్పీకర్ కాలిపోయినట్టుంది, వద్దులే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"అత్తా, నువ్వు నీ మాటలు చదువు. ఆ ఖాళీలు తర్వాత చూద్దాం" అంది మేనకోడలు.

మైకక్క మైకు ముందు నిలబడింది. ఎదురుగా ఎవరూ లేరు, పరుపు మాత్రం ఉంది. "ఏరా, నా పెద్ద స్పానర్ ఎక్కడ పెట్టావ్?" అని చదివింది. అలవాటు కొద్దీ అతను జవాబిచ్చేందుకు పట్టేంతసేపు ఆగింది.

"నన్నడక్కు, నేను లేను."

అది ఆమె నోటినుంచే వచ్చింది. కానీ ఆమె అనలేదు. దిబ్బడేసిన ఆ ముక్కు, చివర్లో మింగేసిన ఆ నవ్వు, తు.చ. తప్పలేదు. మేనకోడలి చేతిలో కాగితాలు జారి నేలంతా పరుచుకున్నాయి. రేడియో బాబాయ్ మైకు వైపు చూడలేదు, తలుపు వైపు చూశాడు.

మేనకోడలు ఏడుస్తూనే అంది, "ఇంకోసారి అత్తా. ఒక్కసారి."

చివరి భాగం అలా పూర్తయింది. ఆ గొంతు ఎవరిదో దాచకుండా చెప్పే నెట్‌లో పెట్టారు. చాలామంది సంతోషంతో వెర్రెత్తిపోయారు. వాణ్ణి మళ్ళీ ఇచ్చారన్నారు. ఒకరు మాత్రం, "దయచేసి ఇలా ఇంకెప్పుడూ చెయ్యకండి" అని రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క మాట మైకక్కను చాలారోజులు వదల్లేదు.

ఒక మధ్యాహ్నం గాజు గది తలుపు ఎవరో తట్టారు. తీస్తే అతని తల్లి. లాండ్రీ బట్టల ఆవిరి వాసనతో, చేతిలో సంచీతో, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడి ఉంది.

"లాండ్రీలో పిల్లల ఫోనులో విన్నానమ్మా. అది మావాడి పాత రికార్డా?"

"కాదమ్మా. నేనే." తల దించుకుని చెప్పింది మైకక్క. "మీకు బాధ కలిగిస్తే..."

ఆవిడ చుట్టూ అంటించిన బొమ్మల్ని చూసింది, కింద తిరుగుతున్న బస్సుల్ని చూసింది. తర్వాత చాలా మామూలుగా, పక్కింట్లో పంచదార అడిగినట్టు అడిగింది. "ఒక్కసారి 'అమ్మా, వచ్చేశా' అను."

వాళ్ళమ్మ కొట్టిన చెంపదెబ్బ మైకక్కకు గుర్తొచ్చింది. అయినా ఎదురుగా ఉన్న ఆ ముఖం చూస్తూ కాదనలేకపోయింది.

"అమ్మా, వచ్చేశా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే, "తడి చెప్పులు లోపలికి తేకురా" అంది. ఆ ముఖంలో విచ్చుకున్న వెలుగు అంతకుముందు మైకక్క ఎవరి ముఖంలోనూ చూసి ఎరగదు. తన వల్ల ఇంకొకరికి అంత సంతోషం కలగవచ్చని కూడా ఆమెకు తెలియదు.

అప్పట్నుంచి ఆవిడ పని దిగగానే అటు రావడం మొదలుపెట్టింది. మెట్లు ఎక్కలేకపోతోందని మైకక్కే వాళ్ళింటికి వెళ్ళసాగింది. ముందుగదికీ వంటగదికీ మధ్య ఒక తెర ఉండేది. మైకక్క తెరకు ఇవతల, ఆ పెద్దామె అవతల. మనిషి కనపడకపోతే మాట బాగా వినపడుతుందని ఆవిడే అలా ఏర్పాటు చేసింది. దుప్పట్లలో ఏ జత చిరిగిందో, మేనేజర్ ఎవరి మీద విరుచుకుపడ్డాడో అన్నీ చెప్పేది. గొంతు నవ్వేది, వేళాకోళమాడేది, "ముందు తిను, తర్వాత చెప్దువుగాని" అని గదమాయించేది. ఆవిడ తినేది. అంతకుముందు తినడమే మానేసిందని పక్కవాటావాళ్ళు చెప్పారు.

మైకక్క ఎవరికీ చెప్పుకోనిది ఒకటుంది. ఆ తెర వెనక కూర్చోవడం ఆమెకు ఇష్టమైంది. ఆలస్యమైతే తిట్టేవాళ్ళు, తడిసివస్తే తువ్వాలు విసిరేవాళ్ళు, అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించేవాళ్ళు ఆమెకు ఎప్పుడూ లేరు. ఆ ఆత్రం తనకోసం కాదని తెలుసు. అయినా అది ముందుగా తగిలేది తనకే.

ఒకరోజు పెద్దామె తెర అవతల ఏవో సొరుగులు లాగుతూ విసుక్కుంది. "నా కళ్ళజోడు కాడ వదులైందిరా. నీ చిన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టి చచ్చావ్?"

"గడియారం వెనకాల చూడమ్మా" అంది గొంతు.

గోడ గడియారం కదిలిన చప్పుడైంది. "ఆఁ, దొరికింది" అంది ఆవిడ, ఏమాత్రం ఆశ్చర్యం లేకుండా.

మైకక్క చేత్తో నోరు మూసుకుంది. ఎప్పుడో ఆదివారం కబుర్లలో అతను చెప్పి ఉంటాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. నోటికొచ్చింది అన్నదంతే. ఆ నోరు ఎవరిదన్నదే ఆమెకు సందేహమైంది.

తర్వాత గొంతు తెర దాటి బయటికి రావడం మొదలైంది. ఒక ఉదయం స్టేషన్‌లో పిల్లవాడు తప్పిపోయాడు. మైకక్క మైకు నొక్కి, "నీలం చొక్కా వేసుకున్న బాబు..." అంది. ఊరంతా మోగింది అతని గొంతు. కింద జనం తలలెత్తి చూశారు. ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మైకక్కా, లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

ఆయన వంగి బల్ల కిందకు కూడా చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె మైకు మీద చెయ్యి పెట్టడానికి జంకుతూ, మళ్ళీ నొక్కేముందు తన పేరు తనే రెండుమూడుసార్లు మెల్లగా చెప్పుకుంది, ఎవరి గొంతు వస్తుందో చూసుకోవడానికి.

అదే వారం ఇంట్లో అన్న పేపరు కోసం వెతుకుతూ, "ఏమ్మా, నా పేపరు చూశావా?" అని అడిగాడు. "నన్నడక్కు, నేను లేను" అంది ఆమె పరధ్యానంగా. అన్న అక్కడే నిలబడిపోయాడు. వదిన పారుతున్న కుళాయి కట్టేసింది.

మేనకోడలు ఆమెను పక్కకు తీసుకెళ్ళింది. "అత్తా, నువ్వింకా వాళ్ళింటికి వెళ్తున్నావా?"

"నేను వెళ్తేనే ఆవిడ ఇంత తింటోందే."

"మరి నిన్నెవరు తింటున్నారు?"

ఆ మాటకు ఏ గొంతుతో జవాబివ్వాలో మైకక్కకు తెలియలేదు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి పెద్దామె పనికి వెళ్ళకుండా ఇంట్లోనే ఉంది. లాండ్రీ మానేస్తున్నానని చెప్పింది.

"అదేంటమ్మా? ఎందుకు?" మైకక్క తన గొంతుతోనే అడిగింది.

పెద్దామె ముఖం వాడిపోయింది. "నువ్వు మాట్లాడకు. వాణ్ణి మాట్లాడనీ" అంది. ఆ తర్వాత, కాస్త మెత్తబడి, "వాడే మానెయ్యమన్నాడు. చేతులు కాల్చుకున్నది చాల్లే అమ్మా, నా దగ్గరే కూర్చో అన్నాడు."

"నేనెప్పుడన్నాను?"

"నువ్వనలేదు. వాడన్నాడు. నువ్వు రాని రోజు."

ఆ వాటాలో పట్టపగలు ఎండ పడుతోంది. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. అయినా మైకక్క గది మూలలన్నీ ఒకసారి కలయజూసింది. తను లేనప్పుడు కూడా ఈ ఇంట్లో ఆ గొంతు తిరుగుతోంది. తీసుకొచ్చి వదిలింది తనే.

ఆమె తెర దగ్గరకు వెళ్ళింది. ఇవతల కూర్చోలేదు. తెర పక్కకు లాగి, పెద్దామె ఎదురుగా నేలమీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆవిడను "అమ్మా" అనే పిలిచింది, తన గొంతుతోనూ, అతని గొంతుతోనూ. ఆ ఒక్క మాటలో ఇద్దరూ కలిసిపోయారని ఆమెకు అప్పుడు తట్టింది.

"పిన్నీ" అంది.

పెద్దామె కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"ఇవాళ్టినుంచి మిమ్మల్ని పిన్నీ అనే అంటాను. అమ్మా అని పిలిచే హక్కు వాడిది. వాడు రాడు పిన్నీ. వచ్చేది నేనే. నేను బస్సుల పేర్లు చెప్పే మనిషిని. మీరు రమ్మంటే రోజూ వస్తాను, మీరు చెప్పేదంతా వింటాను. కానీ వాడిలా మాత్రం ఇంకెప్పుడూ మాట్లాడను."

"ఒక్కసారి."

"లేదు పిన్నీ."

"ఒక్కసారేగా. పోయేముందు ఒక్కమాట చెప్పి పొమ్మను. ఆసుపత్రిలో నాతో ఒక్క ముక్కైనా మాట్లాడలేదు. తెలివిలోనే లేడు."

మైకక్క గొంతులో అతను కదిలాడు. ఆ మాట అతని నాలుక చివరే ఉన్నట్టు, నోరు తెరిస్తే చాలన్నట్టు ఉంది. ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుని తల అడ్డంగా ఊపింది. పెద్దామె చేతికందిన చెంబు ఆమె మీదికి విసిరింది. "బయటికి పో. వాణ్ణి మింగేశావ్. పో."

పోయింది. కానీ మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చింది. పెద్దామె తలుపు తియ్యలేదు. మైకక్క గడప ముందు కూర్చుని, తన గొంతుతో, ఏ బస్సు దారిలో చెడిపోయిందో, ఏ డ్రైవరుకు మనవరాలు పుట్టిందో చెప్పింది. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. రోజూ అంతే. వరండాలో పిల్లలు ఆమె చుట్టూ చేరి కబుర్లు వినేవాళ్ళు. కొన్నాళ్ళకు లోపల కుర్చీ తలుపు దగ్గరకు జరిగిన చప్పుడైంది. పెద్దామె లాండ్రీకి మళ్ళీ వెళ్తోందని పక్కవాటావాళ్ళు చెప్పారు.

అభిమానుల కలయిక దగ్గరపడింది. మేనకోడలు రేడియో బాబాయ్‌ని వెంటబెట్టుకుని ఆ తలుపు తట్టింది. "పిన్నిగారూ, పిల్లలు సంచుల్లో కుక్కుకొచ్చే వేషాలన్నీ ఉండలు చుట్టుకుపోయి ఉంటాయి. ఇస్త్రీకి మనిషి కావాలి. మాకెవరూ తెలీదు" అంది. అది నిజమే, సాకు కూడా.

పెద్దామె తన సొంత ఇస్త్రీపెట్టె సంచీలో పెట్టుకుని వచ్చింది. హాల్లోకి అడుగుపెట్టి గోడ పట్టుకుని ఆగిపోయింది. ఆ ఏడు అతని గుర్తుగా చాలామంది దెయ్యం వేషమే వేశారు. తెల్ల చొక్కా, బూడిదరంగు రాసుకున్న బుగ్గలు, జేబులో స్పానర్. ఎటు చూసినా చచ్చిపోయిన కుర్రాడే. కొందరు పొట్టి, కొందరు లావు, కొందరు జడలు దోపుకున్న ఆడపిల్లలు. మైకక్క దూరంగా, స్తంభం వెనక నిలబడి చూస్తోంది. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందనే అనుకుంది.

ఒక చిన్నపిల్ల నలిగిన చొక్కాతో ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. పెద్దామె ఆ చొక్కాను చూసింది. చూసి ఊరుకోవడం ఆవిడకు చేతకాదు.

"ఇలా వేసుకుని తిరుగుతావేంటే? విప్పి ఇటివ్వు."

చొక్కా బల్లమీద పరిచి, నీళ్ళు చిలకరించి, కాలరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆవిరి లేచింది. బనీను మీదే నిలబడ్డ ఆ పిల్ల ఊరుకోక, "నన్నడక్కు, నేను లేను!" అని కీచుగా అంది. పెద్దామె చెయ్యి ఆగిపోయింది. బట్ట మాడుతుందేమో అన్నంతసేపు ఆగి, పెట్టె పైకెత్తింది.

"మావాడు అలా అనడు. గట్టిగా అరవకూడదు. చివర్లో నవ్వొస్తుంది చూడు, దాన్ని మింగెయ్యాలి."

పిల్ల శ్రద్ధగా మింగి మళ్ళీ అంది. ఏమాత్రం కలవలేదు.

పెద్దామె చాలాసేపు ఆ బూడిద బుగ్గల వంక చూసింది. ముడతలు పోయిన చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, "సరే, నువ్వు నీలాగే అనుకో" అంది. ఆ పిల్ల సంతోషంతో ఎగిరి, పరిగెత్తి, తనలాంటి దెయ్యాలన్నిటినీ వెంటబెట్టుకొచ్చింది. సాయంత్రం దాకా ఆ బల్ల ముందు వరస తగ్గలేదు.

ఆ తర్వాత ఏటా ఆ బల్ల ఆవిడదే. మైకక్క పక్కనే నిలబడి బట్టలు అందించేది. ఆదివారం జట్టు మళ్ళీ వేరే కథలు చదివింది. వాటిల్లో ఎన్ని పాత్రలు ఖాళీగా ఉన్నా, మైకక్క తన ఒక్క పాత్రే చదివేది, రెండోదాని జోలికి పోయేది కాదు. స్టేషన్‌లోనూ గొంతు తప్పలేదు. కానీ మైకు నొక్కేముందు ఒక్క క్షణం ఆగే అలవాటు ఉండిపోయింది. ఆ క్షణంలో లోపల ఎవరో ముక్కు ఎగబీల్చుకుని సిద్ధమైనట్టు ఆమెకు అనిపించేది. వాళ్ళను దాటుకునే ఆమె మాట్లాడేది.

ఒక ఏడు, జనం పలచబడ్డాక, పెద్దామె తల ఎత్తకుండానే అడిగింది. "వాడింకా నీ దగ్గరే ఉన్నాడా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు మైకక్కకు. "ఉన్నాడు పిన్నీ."

"మాట్లాడతానంటాడా?"

"అంటాడు. నేనే మాట్లాడనివ్వను."

పెద్దామె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, వేడి ఎంతుందో తడివేలితో తాకి చూసుకుంది. చుయ్యిమంది. "నా దగ్గర కూడా ఇప్పుడు నోరు మెదపకుండా ఉంటున్నాడు" అంది. "వాగుడుకాయ వెధవ. ఎలా ఉండగలుగుతున్నాడో ఏమో." చెంగుతో కళ్ళొత్తుకుంది, చెయ్యి చాపింది.

"ఇటివ్వు, ఆ ఎర్ర చొక్కా. చేతులు ముందు చేస్తాను."